కార్డు చేతనున్నది; వైద్యుడెక్కడ?

రాజ్యము పేదవానికి చేయు వాగ్దానములు రెండు విధములు. బియ్యమిచ్చెదమనుట మొదటి విధము. బియ్యము గిడ్డంగిలో నుండును. తూచి పోసినచో మాట నిలిచినట్లే. వైద్యము చేయించెదమనుట రెండవ విధము. వైద్యము గిడ్డంగిలో నిలువయుండునది కాదు. వైద్యుని చేతిలో నుండునది. ఆ చేయి రోగి యున్నచోటికి, రోగికి వలసిన దినమునకు అందకున్నచో, వాగ్దానము రెండు లక్షలదైనను ఇరువదియైదు లక్షలదైనను అది కాగితమే యగును.

ఆరోగ్యశ్రీ కార్డు గుండెజబ్బు గలవారికి, కేన్సరు సోకినవారికి, ప్రమాదములందు ఎముకలు విఱిగినవారికి ఎంత మేలు చేసినదో మా పాఠకు లెఱుగుదురు. ఆ మేలును తక్కువ చేసి మాటాడుట కృతఘ్నత. కాని మూత్రవ్యాధితో బాధపడు పేదవాడు ఆ కార్డును పట్టుకొని యూరాలజిస్టును వెదకబోయినప్పుడు ఏమగుచున్నది? ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి తోచినది కాదు. మా పొరుగున నున్న ఒక వృద్ధుని మూలమున తోచినది.

ఆయన కౌలురైతు. వయస్సు అఱువదియెనిమిది. ప్రోస్టేటు గ్రంథి పెరిగి, ఒకనాటి రాత్రి మూత్రము పూర్తిగ బంధించినది. దగ్గఱి ఆసుపత్రిలో గొట్టమువేసి సంచి తగిలించిరి; బాధ తీఱినది. గొట్టము తీసివేయవలెనన్నచో ఆపరేషను కావలెను, అది యూరాలజిస్టు చేయవలసిన పని, కార్డుమీద జరుగునని చెప్పి పంపిరి. కుమారుడు కూలి మానుకొని తండ్రిని బస్సెక్కించెను. మొదట పోయిన ఆసుపత్రి పేరు ప్రభుత్వపు జాబితాలో నున్నది. గోడమీద పెద్ద బోర్డును ఉన్నది. ఆరోగ్యమిత్ర కార్డు చూచి, “తాతగారూ, మా డాక్టరుగారు బుధవారం మాత్రమే వస్తారు. ఇవాళ శుక్రవారం గదా!” అని చెప్పెను. బుధవారము మరల పోయిరి. ఆనాడు డాక్టరుగారు వేఱొక ఊర అత్యవసరపు ఆపరేషనులో చిక్కుకొనిరి. రెండవచోట డాక్టరు కలడు. కాని కార్డుమీద రాళ్ల ఆపరేషనులు మాత్రమే చేయుచున్నామనియు, డబ్బు కట్టినచో మఱునాడే ప్రోస్టేటు ఆపరేషను చేసెదమనియు చెప్పిరి. మూడవచోట బకాయిలు రానందున కార్డు కేసులు నిలిపితిమనిరి. నాలుగవది సర్కారు బోధనాసుపత్రి. అచట డాక్టరు కలడు, కార్డు చెల్లును, ఆపరేషను చేసెదమనిరి. అయితే ముందు వచ్చినవారి వరుస పెద్దదగుటచే రెండు నెలల తరువాతి తేదీ వ్రాసియిచ్చిరి.

ఆ రెండు నెలలును ఆ ముసలాయన పంచె మడతలో సంచి దాచుకొని ఇల్లు కదలకుండెను. మనుమరాలి ఓణీల వేడుకకుగూడ పోలేదు. “అయ్యా, రోగాన్ని దాచుకోవచ్చు, ఈ సంచిని ఎక్కడ దాచుకోను?” అని మాతో ననెను. తుదకు ఆపరేషను చక్కగ జరిగినది. చేసిన వైద్యులకు మా నమస్కారములు. కాని బస్సు చార్జీలకు, పోయిన కూలిదినములకు, బయట చేయించిన పరీక్షలకు ఆ కుటుంబము చేసిన అప్పు ఇంకను తీఱలేదు. ఉచితవైద్యము కొఱకు అప్పు! ఈ రెండు మాటలు ఒకచోట చేరుటయే మా యీ వ్యాసమునకు కారణము.

ఆరోగ్యశ్రీ చరిత్రను ఒకింత తలచుకొందము. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలయందు ఆరంభమై, 2008 నాటికి ఎల్ల జిల్లాలకును వ్యాపించినది. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట రెండు సర్కారులును దీనిని నిలుపుకొన్నవి. పేరులు పలుమాఱులు మాఱినవి. నేడు తెలంగాణమున రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ. 2018 సెప్టెంబరు 23న కేంద్రప్రభుత్వము కుటుంబమునకు ఏటా 5 లక్షల పరిమితితో ఆయుష్మాన్ భారత్ పథకము నారంభించినది. 2024 అక్టోబరు 29న డెబ్బదియేండ్లు నిండినవారి కెల్ల ఆదాయముతో నిమిత్తము లేకుండ దానిని విస్తరింపజేసినది. 2023 డిసెంబరు మాసముననే తెలంగాణము తన పరిమితిని 10 లక్షలకును, ఆంధ్రప్రదేశము 25 లక్షలకును పెంచినవి.

ఈ సంఖ్యలు పెరుగుట మంచిదే. కాని మన వృద్ధునికి వీనివలన కలిగిన లాభమేమి? ప్రోస్టేటు ఆపరేషనుకుగాని, మూత్రనాళములోని రాయిని తీయుటకుగాని పథకము కట్టిన ధర వేలలోనిదేకాని లక్షలలోనిది కాదు. పరిమితి 2 లక్షలైన దినమున ఆయనకు ఏది కొఱత పడియుండునో, 25 లక్షలైన దినమునను అదియే కొఱతపడినది. ఆయన పడిగాపులు పడినది డబ్బు కొఱకు కాదు, మనిషి కొఱకు. సర్కారు ఒక్క ఉత్తరువుతో లక్షలను పెంచగలదు. ఉత్తరువుతో యూరాలజిస్టును పుట్టింపలేదు. సులభమైనదానిని పెంచి, కష్టమైనదానిని అట్లే విడిచితిమి.

కష్టము ఎచటనున్నదో విచారింతము. ఎం.బి.బి.ఎస్. చదువు అయిదున్నర సంవత్సరములు. దానిపై శస్త్రవైద్యమున మూడేండ్లు. దానిపై యూరాలజీలో మఱి మూడేండ్లు. దాదాపు పండ్రెండేండ్ల చదువునకు పిమ్మట ఒక యూరాలజిస్టు తయారగును. ఆయన పనికి ఆయన చేతులు మాత్రము చాలవు. దుర్బీనుగొట్టములు, లేసరు, ఎక్సురే యంత్రము, మత్తువైద్యుడు కావలెను. ఇవన్నియు గల ఊరు హైదరాబాదో, విశాఖపట్టణమో, విజయవాడయో, తిరుపతియో యగును. కావున వైద్యుడచట స్థిరపడును. చిన్న పట్టణములకు వారమున కొకనాడు వచ్చిపోవును. ఇది ఆయన దోషమని మేము చెప్పము. కాని జాబితా దీనిని గుర్తింపదు. జాబితాలో ఆసుపత్రి పేరుండును, దాని ప్రక్కన విభాగము పేరుండును. వైద్యుడు ఆ విభాగమున ఏయే వారములందు ఉండునో, కార్డుమీద ఏయే చికిత్సలు చేయునో రోగికి తెలియదు. బస్సుదిగి, మెట్లెక్కి, వరుసలో నిలిచి, ఆరోగ్యమిత్ర బల్లయొద్దకు వచ్చినప్పుడుగాని తెలియదు.

రెండవది, ధరలును బకాయిలును. పథకము చెల్లించు ధర తక్కువయని ప్రైవేటు ఆసుపత్రులు చాలకాలమునుండి చెప్పుచున్నవి. ధరమాట అటుండనిండు, ఒప్పుకొన్న ధరయైనను సకాలమున రాదనునది వారి ముఖ్యమైన ఫిర్యాదు. 2025 సెప్టెంబరులో తెలంగాణమునను, అక్టోబరులో ఆంధ్రప్రదేశమునను నెట్వర్కు ఆసుపత్రులు బకాయిల కారణమున కార్డుసేవలను నిలిపివేసి, సర్కారులతో మంతనములు జరిగిన పిమ్మట మరల తెఱచినవి. ఆ దినములలో తలుపు వద్ద నిలిచినవాడు సర్కారు కాదు, ఆసుపత్రి యజమాని కాదు. కడుపు పట్టుకొని వచ్చిన రోగి. ఇద్దఱు పెద్దల లెక్కల తగవులో నలిగినది వాడే.

ఇట్టి తగవు మనకు మాత్రమే సొంతమని తలపరాదు. అమెరికాలో పేదల కొఱకు 1965లో మెడికెయిడను పథకమేర్పడినది. అచటను వైద్యుడు ఆ పథకపు రోగిని చూచుట ఆయన యిష్టాయిష్టములపై నున్నది. సర్కారిచ్చు రుసుము తక్కువగుటచే పలువు రొల్లరు. అంత ధనవంతమైన దేశమునను ఇదే కథ నడచుచున్నదన, లోపము ధనములో లేదు, ఏర్పాటులో నున్నదని తెలియుచున్నది. బిల్లు చెల్లించుటకు పూనుకొన్న రాజ్యము, వైద్యుని చూపించుటకుగూడ పూనుకొననిచో, పేదవాడు వీథివెంట తిరుగుట తప్పదు.

“కొన్నాళ్లు ఆగినచో నేమి?” అని కొందఱందురు. మూత్రవ్యాధులు ఆగునవి కావు. రాయి మూత్రనాళమున కడ్డుపడి, దానిపై చీముజ్వరము చేరెనేని, గంటలలో ప్రాణముమీదికి వచ్చును. జ్వరము లేకున్నను అడ్డు చాలకాలము నిలిచినచో మూత్రపిండము సద్దు చేయకుండ చచ్చును. నొప్పి తగ్గినదని రోగి సంతోషించుచుండగనే అది జరుగును. ఇక స్టెంటుమాట. రాయి తీసిన పిమ్మట లోపల నుంచు ఆ సన్నని గొట్టమును కొన్ని వారములలో, ఎక్కువకాలము సాగినను సాధారణముగ మూడు నెలలలో, తీయవలెను. తీయక మఱచినచో దానిచుట్టును రాయి గట్టిపడి, మొదటి రోగమునకంటె పెద్దరోగమగును. కార్డుమీద ఒకచోట స్టెంటు వేయించుకొన్నవానికి, తీయవలసిన నెలలో ఆ ఆసుపత్రి కార్డు కేసులు నిలిపినచో, వాడేమి చేయవలెను? నొప్పిలేదు గనుక ఊరకుండును. ఆ ఊరకుండుటయే ముప్పు.

దీనికి సిగ్గొకటి తోడైనది. గుండెనొప్పిని నలుగురిలో చెప్పుకొందురు. మూత్రపు బాధను ఇంటివారికిని చెప్పరు. స్త్రీలు మఱింత దాతురు. పురుషుడైన డాక్టరుకడకు పోవుటకు వెనుదీయుదురు, స్త్రీలలో యూరాలజిస్టులు బహుకొలదిమంది. ఇంతగా దాచుకొని, ఓర్చుకొని, తుదకు తెగించి బయలుదేరిన మనిషిని “బుధవారం రండి” అని పంపుట మామూలు వాయిదా కాదు. అట్టివారిలో కొందఱు మరల రారు.

ధనదృష్టితో చూచినను ఇది నష్టమే. సకాలమున తీయని రాయి రెండు మూత్రపిండములను చెడగొట్టెనేని, అదే సర్కారు అదే రోగికి వారమునకు రెండుమూడు మాఱులు డయాలిసిసు చేయింపవలెను. ఆంధ్రప్రదేశమున 2019 నుండి అట్టివారికి నెలకు 10,000 రూపాయల పింఛనును ఇచ్చుచున్నారు. ఆ పింఛను ధర్మమే. కాని వేలతో పోవుదానిని జన్మాంతపు వ్యయముగ చేసికొనుట ఏ గృహస్థుడును మెచ్చు పద్ధతి కాదు.

మన ప్రాచీనశస్త్రవైద్యమున దీనికి సరిపోలు ముచ్చటయొకటి కలదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున అశ్మరిని, అనగా మూత్రాశయములోని రాయిని, కోసి తీయు విధానము వర్ణింపబడినది. ఆ శస్త్రము అపాయకరమగుటచే, ప్రభువునకు విన్నవించి ఆయన యనుమతితోనే వైద్యుడు పూనుకొనవలెనని అందు నియమము. నేడు కార్డుమీద ఆపరేషనుకు ముందు ట్రస్టునుండి అనుమతి పొందుట చూడగా, రెండువేల యేండ్లనాటి రాజానుమతి కంప్యూటరులో మరల పుట్టినదా యనిపించును. కాని ఒక్క భేదమున్నది. ఆనాడు అనుమతి యడుగుటకు ముందే వైద్యుడు రోగి పడకయొద్ద నిలిచియుండెను. నేడు అనుమతి సిద్ధము, ధనము సిద్ధము, రోగి సిద్ధము. వైద్యుడే బుధవారము వచ్చును!

సర్కారు పక్షమునగూడ ఒకమాట చెప్పవలెను. కార్డు పేర చేయని చికిత్సలకు బిల్లులు పెట్టినవారు, అక్కఱలేని ఆపరేషనులు చేసినవారు లేకపోలేదు. తనిఖీలు కావలసినవే, ప్రజాధనము ఊరకే పోయరాదు. కాని దొంగలెక్కలను పట్టుటకు నిజమైన లెక్కలన్నింటిని నిలిపియుంచుట, కలుపు తీయుటకు చేనికి నీరు కట్టివేయుటవంటిది. అట్లే డాక్టర్లందఱును డబ్బుకే దాసులను నిందయు తగదు. కింగ్ జార్జి ఆసుపత్రి, ఉస్మానియా, గాంధీ, నిమ్సు, గుంటూరు, కర్నూలు బోధనాసుపత్రులు, తిరుపతి స్విమ్సు మున్నగుచోట్ల యూరాలజీ విభాగములవారు పేదలకు రేయింబవళ్లు చేయుచున్న సేవ మాకు తెలియును. వారి వరుస రెండు నెలలదగుట వారి సోమరితనముచే కాదు; దూరజిల్లాల రోగులెల్లరును ఆ కొన్ని తలుపుల వద్దకే చేరుటచేత.

రాజ్యము తలచుకొన్నచో వైద్యమును రోగి చెంతకు చేర్చగలదనుటకు ఉద్దానమే సాక్షి. అచటి మూత్రపిండవ్యాధి శస్త్రవైద్యునిది కాదు, ఔషధవైద్యుడగు నెఫ్రాలజిస్టు పరిధిలోనిది. ఈ రెండింటిని వేఱు చేసి చెప్పువారు లేక రోగులు ఒకరికడనుండి మఱొకరికడకు తిరుగుటయు కలదు. ఆ ప్రాంతపు ప్రజల ఆక్రందనము చాలకాలమునకు వినబడి, పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును, సుమారు 700 కోట్ల మంచినీటి పథకమును 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడినవి. మారుమూలయని ఇన్నాళ్లు చెప్పిన సాకు అక్కడ తొలగినది. తక్కిన జిల్లాలకేల తొలగరాదు?

మేము కోరునవి గొప్పవి కావు. జాబితాలో ఆసుపత్రి పేరుతోపాటు, యూరాలజిస్టు ఏయే దినములందు ఉండునో, కార్డుమీద ఏయే ఆపరేషనులు చేయునో ప్రతివారము ప్రకటింపవలెను. అది గ్రామసచివాలయముననో పంచాయతీ కార్యాలయముననో గోడమీద తెలుగున అంటింపవలెను. విభాగము పేరు వ్రాసికొని చికిత్స చేయని ఆసుపత్రిని ఆ విభాగపు జాబితానుండి తొలగింపవలెను. ఒప్పుకొన్న సొమ్మును గడువులోగా చెల్లింపవలెను. గడువు దాటినచో వడ్డీ ఈయవలెను. ఈనాడు ఇంచుమించు జిల్లా జిల్లాకును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలయుచున్నవి గదా, వానియందు వారమునకు రెండు దినములైన యూరాలజిస్టుచే ఆపరేషనులు జరుగునట్లు పరికరములను మత్తువైద్యుని సమకూర్పవలెను. కార్డుమీద వేసిన ప్రతి స్టెంటును పేరుతో పట్టికలో వ్రాసి, తీయవలసిన తేదీకి రోగికి కబురంపవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, “ఇచట కాదు” అని చెప్పు ఆరోగ్యమిత్ర “అచట అగును” అని మఱొక తలుపు పేరు, తేదీతో సహా వ్రాసి యీయక రోగిని పంపరాదు. ఈ చివరి కోరికకు పైకము అక్కఱలేదు; ఉత్తరువొకటి చాలును.

అంతవఱకు పాఠకులు చేయదగినదియు కొంత కలదు. మీ యింట, మీ వీథిలో అట్టి రోగి యున్నచో బస్సెక్కించుటకు ముందే 104కు, ఆయుష్మాన్ కార్డైనచో 14555కు ఫోనుచేసి అడుగుడు. తరువాత ఆ ఆసుపత్రికే ఫోనుచేసి మూడు సంగతులు తెలిసికొనుడు: యూరాలజిస్టు ఏనాడుండును, ఈ ఆపరేషను కార్డుమీద చేయుదురా, పరీక్షలకు ముందుగా డబ్బడుగుదురా. కార్డుండియు డబ్బడిగినచో ఆ సంగతిని 104కు ఫిర్యాదు చేయుడు, ఊరకుండకుడు. చదువు వచ్చినవాడు పది నిమిషములు వెచ్చించినచో రానివానికి పది కోసుల ప్రయాణము తప్పును.

ఇది దానధర్మములమాట కాదు, హక్కుమాట. స్వరాజ్యము రాకమునుపే, 1946లో, భోరు సంఘము తన నివేదికలో డబ్బులేని కారణమున ఎవ్వరికిని వైద్యము తప్పరాదని సిద్ధాంతీకరించినది. ప్రజారోగ్యమును పెంపొందించుట ప్రభుత్వముల ప్రథమకర్తవ్యములలో నొకటియని రాజ్యాంగపు 47వ అధికరణము చెప్పుచున్నది. 1992లో పశ్చిమ వంగదేశమున రైలునుండి పడి తలకు గాయమైన కూలివానిని సర్కారు ఆసుపత్రులు ఒకదానివెనుక నొకటి త్రిప్పిపంపినవి. వాడు తుదకు ప్రైవేటు ఆసుపత్రిలో సొంతడబ్బుతో చికిత్స పొందెను. 1996లో సుప్రీముకోర్టు ఆ వ్యాజ్యమున, అట్లు త్రిప్పిపంపుట వాని జీవించు హక్కునకు భంగమనియు, ధనము చాలదను సాకు చెల్లదనియు తీర్పు చెప్పినది. ఆ కూలివాడు తలుపు తలుపునకు తిరిగిన తిరుగుడే నేడు మన కౌలురైతు తిరిగెను. వాని చేతిలో కార్డు లేదు. వీని చేతిలో కార్డున్నది. ఇంత కాలమునకు మనము సాధించిన భేదము అంతమాత్రమేనా?

తెలుగుదేశమందలి రెండు సర్కారులను మేము అడుగునది ఒక్కటే. ఇక ముందు లక్షలు పెంచితిమని ప్రకటించుటకు బదులు, ఫలానా జిల్లాలో ఫలానా వారమున ఫలానా చోట యూరాలజిస్టు కార్డు రోగులను చూచునని ప్రకటింపుడు. అట్టి ప్రకటన వెలువడిననాడు మా పత్రిక దానిని మొదటిపుటలో అచ్చువేయును. సంచి దాచుకొని ఇంట కూర్చున్న ముసలివాడు దానిని మనుమనిచే చదివించుకొని వినును. వాడు పంచె సవరించుకొని, సిగ్గుపడక, సరియైన దినమున సరియైన బస్సెక్కును.